కొసరి వడ్డిస్తే ఎగరని గూడబాతు

మా తమ్ముడు గంగరాజు భార్య రామలక్ష్మి కెన్యా వెళ్ళి పక్షులకు సేవ చేసి వచ్చిన సంగతి ఇప్పటికే రెండు పత్రికల జిల్లా పేజీల్లో పడింది. ఒకదానిలో కెన్యాకు బదులు ఘనా అని వేశారు. రెండోదానిలో ఆమె పక్కన నిలబడ్డ నన్ను కోసేసి నా చెయ్యి మాత్రం మిగిల్చారు. కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పే పని నా మీద పడింది.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. మా ఊరి బడిలో ఐదో తరగతి, ఆ పైన కలిదిండి హైస్కూల్లో అబ్బినంత. అయినా రెండు విడతలు సర్పంచిగా చేశాను, అందులో ఒక విడత ఏకగ్రీవం. ఊళ్ళోకి ఏలూరు బస్సు తెప్పించింది నేనే. మంచినీళ్ళ చెరువుకు కంచె, బడికి ప్రహరీ, శ్మశానానికి రోడ్డు నా కాలంలోవే. ప్రహరీ మీద నా పేరు ఇప్పటికీ ఉంది. సున్నం వేసినప్పుడల్లా దగ్గరుండి కాపాడుకుంటున్నాను. మా ఇంటి కోడలు సముద్రం దాటి వెళ్ళిందన్నా అది నా తీర్మానం ప్రకారమే. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు, వరసలో వస్తుంది కనుక చెబుతున్నాను.

రామలక్ష్మిది ఉండి. ముప్పై ఏళ్ళ కిందట మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతులు రెండున్నాయి. ఆమె నోట 'అండి' లేని మాట రాదు. మొగుణ్ణీ అత్తమామల్నీ అంటే సరే, చెరువు కాపలా మనిషినీ, పక్కింట్లో పాకే పిల్లనూ, చివరికి పాలిచ్చే గేదెను కూడా 'కాస్త ఇటు జరగండి' అంటుంది. ఇక రెండోది వడ్డన. వంట సంగతి కాదు నేను చెప్పేది, వంట చాలామంది చేస్తారు. విస్తరిలో ఖాళీ కనిపిస్తే ఆమె ప్రాణం ఊరుకోదు. చాలంటే బిడియం అనుకుంటుంది, వద్దంటే కోపం అనుకుంటుంది, చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తుంది.

ఒకసారి మా తమ్ముడి చేపల చెరువులు కొలవడానికి సర్వేయరు గారు వచ్చారు. మూల మీద ఉన్న చిన్న చెరువు గంగరాజు పొలంలో ఉందా, చెరువులు తవ్వకూడని కొల్లేరు సర్కారు భూమిలో ఉందా అన్నది అప్పటి అనుమానం. పొద్దున్నే వచ్చిన మనిషిని రామలక్ష్మి కూర్చోబెట్టి శీలావతి చేప వేపుడు, చేపల పులుసు, గుమ్మడికాయ దప్పళం, గడ్డపెరుగు వడ్డించి, ఆ పైన కొసరుగా మామిడిపండు పెట్టింది. సర్వేయరు గారు చెయ్యి కడుక్కొని కొలత గొలుసు అందుకోబోతూ, ఒక్క నిమిషం అని అరుగు మీద నడుం వాల్చారు. లేచేసరికి పొద్దు వాలింది. మళ్ళీ వచ్చారు, మళ్ళీ తిన్నారు, మళ్ళీ నడుం వాల్చారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయనకూ అదే గతి పట్టింది. ఆ మూల చెరువు ఎవరిదో ఏళ్ళ తరబడి తేలలేదు. ఇందులో రామలక్ష్మి ఎత్తు ఏమీ లేదు, ఆమెకు పెట్టడమే తెలుసు. ఎత్తు ఉంటే గింటే మా తమ్ముడిది. సర్వేయరు వస్తున్నాడని తెలిస్తే చాలు, ముందురోజే పెద్ద బొచ్చె చేపను పట్టించి ఇంట్లో పెట్టేవాడు.

ఇక పక్షుల సంగతి. చలికాలం వస్తే కొల్లేరు ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో జనం టికెట్టు కొనుక్కొని, పడవెక్కి, గూడబాతుల్ని చూసి మురిసిపోతారు. ముక్కు కింద సంచి వేలాడే ఆ పెద్ద పక్షినే పెలికాన్ అని బోర్డు మీద రాశారు. అదే గూడబాతు మా గట్టు మీద వాలితే తాటాకు టపాకాయలు పేల్చి తోలుతాం. పక్షి ఒకటే, వాలిన చోటును బట్టి మర్యాద. దాని సంచిలో ఎంత చేప పడుతుందో చూసినవాళ్ళకు మా బాధ తెలుస్తుంది.

కొత్త కాపురంలో, కాపలా మనిషిని పెట్టుకునే స్తోమతు లేని రోజుల్లో, చెరువు మీద పక్షుల్ని తోలింది రామలక్ష్మే. గట్టు మీది పాకలో కూర్చొని నూనె డబ్బా మీద కర్రతో మోగిస్తూ 'హో హొహొహోయ్' అని ఒక కేక పెట్టేది. ఆ కేకకు కొంగలు, నీటికాకులు, గూడబాతులు ఒక్కసారిగా లేచేవి. తరవాత కాపలాకు కుదిరిన ఇమ్మానుయేలు ఆ కేక ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. "అమ్మగారి కేకలో సగం కూడా రాదండి నాకు," అంటాడు ఇప్పటికీ.

కెన్యా మాట తెచ్చింది నా మనవరాలు మనస్వి. మా అమ్మాయి కాపురం తాడేపల్లిగూడెంలో. అల్లుడు ఫణికిరణ్ అక్కడ కాలేజీలో లెక్చరరు. మనస్వి గన్నవరంలో పశువైద్యం చదువుతోంది. కెన్యాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున దెబ్బ తగిలిన పక్షులకు వైద్యం చేసే కేంద్రం ఉందనీ, ప్రపంచం నలుమూలల నుంచీ వలంటీర్లు వెళ్ళి అక్కడ పనిచేస్తారనీ, చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు పక్షుల గురించి పాఠాలు చెబుతారనీ, సెలవుల్లో తానూ వెళతాననీ చెప్పింది. ఫణికిరణ్ ఒంటరిగా పంపనన్నాడు. పిల్ల రెండు రోజులు అన్నం మానేసింది. నన్ను గూడెం పిలిపించారు.

"ఎవరైనా తోడు వెళితే పంపుతావా?" అన్నాను అల్లుడితో.

"పెద్దవాళ్ళు ఎవరైనా వెళితే అభ్యంతరం లేదండి మావయ్యగారు."

"అయితే రామలక్ష్మి వెళుతుంది. పోయినేడు నేపాలు యాత్రకని అందరికీ పాస్‌పోర్టులు తీయించాను. యాత్ర ఆగిపోయింది కానీ పాస్‌పోర్టు ఉంది."

సర్పంచిగా నేను చేసిన తీర్మానాలన్నీ ఇలాగే జరిగాయి. ఎవరికి అభ్యంతరమో వాళ్ళను అడగాలి, ఎవరు వెళ్ళాలో వాళ్ళకు చెప్పాలి.

అయితే ఆ కేంద్రంలో ఊరికే తోడు వచ్చేవాళ్ళకు చోటు లేదట. రామలక్ష్మి కూడా వలంటీరుగానే చేరాలి. అందుకని కేంద్రాన్ని నడిపే వాంజిరు అనే ఆవిడ వీడియో కాల్‌లో మాట్లాడింది. మనస్వి తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"ఆంటీగారికి పక్షులతో ఏమైనా అనుభవం ఉందా?"

"ముప్పై ఏళ్ళ నుంచండి," అంది రామలక్ష్మి.

"ఏ పక్షులు?"

"గూడబాతులు, నీటికాకులు, కొంగలు. వాలిన వాటినల్లా చూసుకుంటామండి. పొద్దున్నా సాయంత్రం ఇదే పనండి."

వాంజిరు గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇంత అనుభవం ఉన్నవాళ్ళు తమ దగ్గరకు ఎప్పుడూ రాలేదంది. గంగరాజుకు దగ్గు వచ్చి వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఇక అక్కడ జరిగిందంతా మనస్వి చెప్పగా విన్నాను, మరదలితో సరిచూసుకున్నాను. ఇద్దరి మాటకూ తేడా వచ్చిన చోట మరదలి మాటే తీసుకున్నాను, ఆమె అబద్ధమాడదు.

సున్నుండలు, ఆవకాయ, కంది పొడితో రామలక్ష్మి కెన్యాలో దిగింది. కేంద్రంలో వలంటీర్లు చాలామంది యూరప్ నుంచి వచ్చినవాళ్ళు. తమ ఇంట్లో తిన్న కంచం కడగని పిల్లలు అక్కడ పక్షుల రెట్ట కడుగుతూ ఫొటోలు తీసుకుంటున్నారు. ఒక్కొక్కరికి కడిగే సమయం తక్కువ, ఫొటోకు నిలబడే సమయం ఎక్కువ. రామలక్ష్మి చీపురు పట్టుకుంటే పక్షులుండే రెండు దొడ్లు తుడిచి ఆ పిల్లలకు ఉప్మా కూడా చేసి పెట్టేది. వారం తిరిగేసరికి వాంజిరుతో సహా అందరూ ఆవకాయకు అలవాటు పడ్డారు.

నాతో ఫోనులో, "మన గూడబాతులే బావగారండి, కాస్త రంగు తేలారంతే," అంది.

ఆమెకు అప్పగించింది ఒక పడుచు గూడబాతును. జాలరి దారం రెక్కకు చుట్టుకుని కోసుకుపోతే తెచ్చి కుట్లు వేశారు. కాలికి నీలం రింగు. వాంజిరు నియమాలు చెప్పింది. పక్షికి పేరు పెట్టకూడదు. దానితో మాట్లాడకూడదు. తడిక చాటున నిలబడి గొట్టంలోంచి నీళ్ళ తొట్టిలోకి చేపలు జారవిడవాలి, పెట్టే చెయ్యి దానికి కనిపించకూడదు. తూచి ఇచ్చినంతే వెయ్యాలి. మనుషులంటే దానికి భయం పోకూడదు.

"ఇది ఆసుపత్రాండి, జైలాండి తల్లీ?" అంది రామలక్ష్మి మనస్వితో.

"బాగయ్యాక వెనక్కి సరస్సులోకి పంపాలి కదా చిన్నమ్మమ్మా. మనకు అలవాటు పడితే వెళ్ళదు."

"ఎంత శత్రువైనా ఇంటికొస్తే ఎదురుగా కూర్చోబెట్టి పెడతాం. తడిక చాటు నుంచి జారవిడవడమేంటండీ? పైగా తిలాపియా."

తిలాపియా అంటే మా వైపు చులకన. అది మేం వేయకుండానే చెరువులో పెరిగే చేప. చేపల పట్టుబడిలో వస్తే ఏరి పక్కన పారేస్తాం. అతిథికి తిలాపియా పెట్టడం రామలక్ష్మికి తలవంపులుగా తోచింది. చేప మార్చడం ఆమె చేతిలో లేదు కనుక, ఆ లోటు కొలతలో తీర్చింది. రెండు రోజులు గొట్టంలోంచే వేసింది. మూడో రోజు తడిక పక్కకు వచ్చింది.

"తినండి అబ్బాయిగారు. మొహమాటపడకండి. ఈ ఒక్కటీ వేసుకోండి, చిన్నదే."

అబ్బాయిగారు మొహమాటపడే రకం కాదు. సంచి చాపితే దించేవాడు కాదు. పక్కదొడ్లో ఉన్న రెండు గూడబాతులు తూచిన తిండి తిని, రెక్కలు విదిలించి, తొట్టి మీంచి గట్టు మీదికీ గట్టు మీంచి తొట్టి మీదికీ ఎగురుతుంటే, అబ్బాయిగారు తలుపు దగ్గర కూర్చొని రామలక్ష్మి చెప్పుల చప్పుడు కోసం ఎదురుచూసేవాడు. ఆమె వస్తే వెనకే నడిచేవాడు. నడక కూడా భోజనానంతరం మా సర్వేయరు గారి నడక మాదిరిగానే ఉండేదని మనస్వి చెప్పింది.

బరువు తూచే రోజున వాంజిరుకు సంగతి తెలిసిపోయింది. కోప్పడలేదు. అది ఇంకా కష్టమనిపించిందట రామలక్ష్మికి. తన ముందు కూర్చోబెట్టుకుని మనస్విచేత చెప్పించింది.

"వానల ముందు ఇక్కడి గూడబాతుల గుంపు ఇంకో సరస్సుకు వెళ్ళిపోతుంది ఆంటీగారు. అవి పక్కనే ఉండగా వదిలితే ఇది వాటితో కలిసి ఎగురుతుంది. అవి వెళ్ళిపోతే దీన్ని వదలలేం. మనిషి కనిపిస్తే తిండికి ఎదురొచ్చే పక్షిని జాలరి ఎవడైనా ఒక దెబ్బ వేస్తాడు. గుంపు వెళ్ళేలోగా ఎగరకపోతే పట్నంలో జూ వాళ్ళకు ఇచ్చెయ్యాలి."

"జూలో అంటేనండి?"

"బోనులో."

"ఎన్నాళ్ళండి?"

"బతికినన్నాళ్ళు. చాలా ఏళ్ళు బతుకుతుంది."

రామలక్ష్మి ఆ పూట భోజనానికి లేవలేదు. నాకు ఫోను చేసింది.

"బావగారండి, అతిథికి అన్నం పెట్టి రెక్కలు విరగ్గొట్టానండి. నా మూలంగా ఒకరికి జైలు పడుతోందండి."

"ఆ జూ వాళ్ళ నంబరు తీసుకో, నేను మాట్లాడతాను," అన్నాను. ఆర్టీసీ డిపో మేనేజరుతో మాట్లాడి బస్సు తెచ్చినవాణ్ణి, జూ వాళ్ళతో మాట్లాడలేనా.

"ఏ భాషలోనండి బావగారు?" అంది.

గంగరాజు ఫోను అందుకుని, "పోనీలే రామలక్ష్మీ, ఒక పక్షి తగ్గితే భూమికి భారం తగ్గుతుంది," అన్నాడు. అట్నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది. మొగుడు మాట్లాడుతుండగా ఆమె ఫోను పెట్టెయ్యడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి అబ్బాయిగారి తిండి వేరేవాళ్ళకు అప్పగించారు. తడిక, గొట్టం, తూకం అన్నీ నియమం ప్రకారమే. అయితే ఆమె కంఠం ఎక్కడ వినిపించినా అబ్బాయిగారు ఆ వైపు తడికకు ఒళ్ళు ఆనించి నిలబడేవాడు. అందుకని ఆమెను దొడ్ల దగ్గరకే రానివ్వకుండా, మనస్వితో పాటు ఊరి బడికి పాఠాలకు పంపారు.

ఆ రోజు పాఠం, పక్షులు మన అతిథులు అని. ఈ పాఠానికి రామలక్ష్మి కంటే తగినవారు దొరకరు. ఆమె కొల్లేరు గురించి చెప్పింది. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయనీ, గూళ్ళు పెడతాయనీ, జనం పడవల్లో వెళ్ళి చూస్తారనీ చెప్పింది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"మీ ఇంటికి వచ్చిన పక్షులకు మీరేం పెడతారు?"

రామలక్ష్మి అబద్ధమాడదని ముందే చెప్పాను.

"మా ఇంటికొస్తే టపాకాయలు పేలుస్తామండి," అంది ఆ పిల్లతో.

మనస్వి ఆ మాటను కాస్త మార్చి, మా ఊళ్ళో పక్షులకు బాణసంచాతో స్వాగతం పలుకుతారని చెప్పింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. టీచరు కూడా కొట్టింది. ఆ వారం పిల్లలు బొమ్మలు వేసి కేంద్రానికి పంపారు. ప్రతి బొమ్మలోనూ కొల్లేరు, దాని మీద గూడబాతులు, ఆకాశం నిండా చిచ్చుబుడ్లు, నక్షత్రాలు, గట్టు మీద చీర కట్టుకుని నవ్వుతున్న రామలక్ష్మి. వాంజిరు వాటిని గోడకు అతికించింది. అతికిస్తూ అతికిస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది. పక్షుల పక్కన బాణసంచా ఎందుకు కాలుస్తారో ఆలోచించినట్టుంది.

"మనస్వీ, అసలేం జరుగుతుంది అక్కడ?"

మనస్వి తలవంచుకుని అంతా చెప్పింది. పాక, డబ్బా, కేక, ముప్పై ఏళ్ళ అనుభవం. రామలక్ష్మికి భాష రాకపోయినా సంగతి తెలిసింది. లేచి నిలబడింది. సామాను సర్దుకొమ్మంటారనుకుంది.

వాంజిరు చేతిలోని బొమ్మను కూడా గోడకు అతికించింది. తరవాత నెమ్మదిగా అడిగింది.

"ఆ కేక ఇప్పటికీ వస్తుందా ఆంటీగారికి?"

వదిలే రోజు వచ్చింది. సరస్సు నిండా గూడబాతుల గుంపు, వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ముందుగా పక్కదొడ్లోని రెండింటినీ వదిలారు. నాలుగు అడుగులు పరుగెత్తి, నీళ్ళ మీద కాళ్ళు తన్ని లేచిపోయాయి. ఆ తరవాత నీలం రింగు అబ్బాయిగారిని వదిలారు. తూకం ప్రకారం తిని ఒళ్ళు తగ్గాడు, రెక్క బాగయింది. ఎగరడానికి ఏ అడ్డూ లేదు. బయటికి వచ్చి సరస్సును చూశాడు, గుంపును చూశాడు, వెనుతిరిగి గట్టు మీద దూరంగా నిలబడ్డ రామలక్ష్మి దగ్గరకు నడిచి వచ్చి సంచి చాపాడు.

యూరప్ పిల్లలు ముచ్చటపడి ఫొటోలు తీశారు. వాంజిరు వాళ్ళను పంపించేసింది. పక్షిని ఎత్తుకెళ్ళి మళ్ళీ నీటి అంచున పెట్టించింది. మళ్ళీ నడిచి వచ్చాడు. గేటు బయట జూ వ్యాను అప్పటికే ఆగి ఉంది.

"వెళ్ళండి అబ్బాయిగారు," అంది రామలక్ష్మి. "మీవాళ్ళంతా వెళుతున్నారండి. చూడండి ఒకసారి అటు."

అబ్బాయిగారు ఆమె కొంగు చివర ముక్కుతో పట్టుకున్నాడు.

వాంజిరు ఖాళీ నూనె డబ్బా, కర్ర తెచ్చి ఆమె ముందు పెట్టింది. రామలక్ష్మి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అన్నం పెట్టిన చేత్తో ఎలా తోలనండి? మీరెవరైనా తోలండి, నేను అవతలకు వెళతాను."

"మేం తోలితే మీ వెనక దాక్కుంటుంది," అంది వాంజిరు. "మనుషులంటే మీరేనని నమ్మింది. ఆ నమ్మకం మీరే పోగొట్టాలి."

మనస్వి ఈ మాట తెలుగులో చెప్పలేక చెప్పిందట. రామలక్ష్మి గేటు వైపు చూసింది. వ్యాను వెనక తలుపు తీసి ఉంది, లోపల ఇనుప బోను కనిపిస్తోంది. కొంగు విడిపించుకుని నడుముకు దోపింది. డబ్బా తీసుకుంది.

మొదటి దెబ్బకు అబ్బాయిగారు ఉలిక్కిపడి ఆమె మొహంలోకి చూశాడు. వడ్డనలో ఇదేదో కొత్త పద్ధతి అనుకుని ఉంటాడు. రెండో దెబ్బతో పాటు కేక వచ్చింది. మా చెరువు గట్టు మీద ఎన్నో ఏళ్ళు వినిపించిన కేకే. ఆ సరస్సు మీద ఉన్న గుంపంతా ఒక్కసారిగా లేచింది. అబ్బాయిగారు వెనక్కి నాలుగు అడుగులు వేశాడు. రామలక్ష్మి డబ్బా మోగిస్తూ మీదమీదికి నడిచింది. "పో," అంది. మా ఇంటికి వచ్చాక ఆమె నోట ఎవరినీ ఆ మాట అనగా నేను వినలేదు, ఆమె మొగుడూ వినలేదు. అబ్బాయిగారు నీళ్ళలోకి పరుగెత్తి, కాళ్ళు తన్ని, పొట్ట నీటికి రాసుకుంటూ రాసుకుంటూ పైకి లేచాడు. గుంపు వెనక ఒక చుక్కలా కలిశాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదని మనస్వి చెప్పింది. గూడబాతులు వెనక్కి చూడవని నేను చెప్పాను.

రామలక్ష్మి గట్టు మీద కూలబడి, "పొద్దున ఏమీ తినలేదండి వాడు," అంది.

తిరిగి వచ్చాక ఏలూరులో సన్మానం పెట్టించాను. హాలు మాట్లాడింది, జనాన్ని రప్పించింది నేనే. ఫ్లెక్సీ మీద గూడబాతు బొమ్మ వెయ్యమంటే హంసను వేశాడు, అదొక్కటే లోపం. వేదిక మీద మాట్లాడిన ఐదుగురిలో నలుగురికి చేపల చెరువులున్నాయి. పక్షులను కన్నబిడ్డల్లా చూసుకోవాలని ఒకరిని మించి ఒకరు మాట్లాడారు. ఐదో ఆయన టపాకాయల టోకు వ్యాపారి, ఆ నలుగురికీ సరుకు ఆయనదే. శాలువా కప్పింది కూడా ఆయనే. 'పక్షిమాత' అని బిరుదు ఇచ్చి, కెన్యా నుంచి ఏం నేర్చుకున్నారో రెండు ముక్కలు చెప్పమన్నారు.

"ఎక్కువ పెట్టకూడదని నేర్చుకున్నానండి," అని దణ్ణం పెట్టి కూర్చుంది.

సభలో అందరూ నవ్వారు. వినయమనుకున్నారు.

ఆ చలికాలం మూల చెరువు మీద గూడబాతులు వాలాయి. ఇమ్మానుయేలు ఊళ్ళో లేడు. గంగరాజు డబ్బా తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు. నేనూ గట్టు మీదే ఉన్నాను.

"పరాయి దేశంలో ఊరికే తోలి వచ్చావుగా, మనవి కూడా తోలు."

"ఎక్కడికి తోలమంటారండీ?"

"ఎక్కడికేంటి, కొల్లేరులోకి."

"మనం నిలబడ్డది కొల్లేరులోనే కదండి?"

గంగరాజు నా వంక చూశాడు. నేను నీళ్ళ వంక చూశాను. అన్నదమ్ముల మధ్య కొలతలు తేలని భూమి గురించి మాట్లాడకపోవడం మా వంశంలో ఉన్న మంచి అలవాటు.

"అక్కడ నేను తోలితే వెళ్ళడానికి వాడికి ఒక సరస్సు ఉందండి," అంది రామలక్ష్మి. డబ్బా గట్టు మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

సంక్రాంతి దాటాక కొత్త సర్వేయరు గారు వచ్చారు. గంగరాజు యథాప్రకారం ముందురోజే బొచ్చెను పట్టించి పెట్టాడు. ఆయన కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. రామలక్ష్మి వడ్డించింది. అన్నం, ఒక కూర, పులుసులో ఒక ముక్క, మజ్జిగ. అంతా శుభ్రంగా, రుచిగా ఉంది. ఆయన విస్తరిలో ఖాళీ కనిపించింది. ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

గంగరాజు మొహం మాడిపోయింది. "ఇంకో ముక్క వెయ్యి రామలక్ష్మీ. వేపుడేది? పెరుగేది? మామిడి తాండ్ర అయినా తే."

"వద్దండి," అంది. "ఆయన పనిమీద వచ్చారు. ఎండలో నడవాలి కదండి."

సర్వేయరు గారు చెయ్యి కడుక్కున్నారు. అరుగు దాటి, గొలుసు అందుకుని, చురుగ్గా గట్టెక్కారు. మా ఇంట్లో భోజనం చేసి నిలబడ్డ మొదటి సర్వేయరు ఆయనే. పొద్దు వాలకముందే కొలత తేలింది. మూల చెరువంతా కొల్లేరు భూమే. వేసవి రాకముందే యంత్రం వచ్చి ఆ గట్టు తెగ్గొట్టి నీళ్ళను నీళ్ళలో కలిపింది.

గంగరాజు వారం రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆకలి వేసి మాట్లాడాడు. కావలసినంతే పెట్టింది. ఇప్పుడు పట్టుబడిలో వచ్చిన తిలాపియాను ఇమ్మానుయేలు తెగిన గట్టు అవతల నీళ్ళలోకి పారబోస్తాడు. రామలక్ష్మి ఎంత పారబోయాలో చెప్పి వెనుదిరిగి వచ్చేస్తుంది, పక్షులు తినేటప్పుడు అక్కడ నిలబడదు. నీలం రింగు ఉన్న కాలు ఏదైనా కనిపిస్తుందేమోనని మాత్రం ఒకసారి చూస్తుంది. కెన్యా నుంచి ఇక్కడికి రాదని మనస్వి చెప్పింది. తెలుసునండి అంటుంది, మళ్ళీ చూస్తుంది.

చివరగా ఒక మాట. అదే రోజున సర్వేయరు గారు నా చెరువు కూడా కొలిచారు. నాది అంగుళం తేడా రాలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు.